దిగూట్లో చేప

అన్న ఫోన్ చేసినప్పుడు నేను నాగర్‌కర్నూల్‌లో, కాలేజీ స్టాఫ్ రూములో కూర్చుని జువాలజీ పేపర్లు దిద్దుతున్నాను. మా అన్న ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు. "అమ్మకేమయింది?" అన్నదే నా మొదటి మాట. "అమ్మకేం గాలె, మంచిగనే ఉంది. ఇల్లు పీకుతున్నం గద, గోడలన్నీ అయిపోయినయ్. ఆ దిగూడు రాయి ఒక్కటే మిగిలింది. దాని మీద అమ్మ ఎవల్నీ చెయ్యి ఎయ్యనిస్తలేదు. నువ్వు జర వచ్చి ఏం చెయ్యాల్నో చెప్పిపో" అన్నాడు. ఆదివారం వస్తానన్నాను. మళ్ళీ పేపర్లు ముందుకు లాక్కున్నాను గానీ ఒక్క అక్షరం కళ్ళకు ఎక్కలేదు. సముద్రంలో దీవుల చుట్టూ ఉండే పగడపు దిబ్బల దగ్గర అన్ని రకాల చేపలు ఎందుకుంటాయని నేనే ఇచ్చిన ప్రశ్న. పిల్లలందరూ గైడులోని నాలుగు వాక్యాలే దింపారు. నేను సముద్రం చూసింది రెండుసార్లు, పగడపు దిబ్బను చూసింది పుస్తకంలోనే. కానీ ఆ ప్రశ్నకు జవాబు నాకు చదువుకోకముందే తెలుసు. అది తెలిసిన విధానమే నాకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వదు.

దిగూడు అంటే గోడలో దీపం పెట్టుకునే గూడు. మా ఇంటి దిగూడు నాలుగు రాళ్ళు పేర్చి కట్టింది కాదు, ఒకే రాయిలో తొలిచింది. మా నాయిన వాళ్ళ తాత ఒక వడ్డెరాయన చేత చెక్కించాడట. ఆ రాయి మా పాత ఊళ్ళో, పాత ఇంట్లో ఉండేది. ఆ ఊరు నేను పుట్టకముందే మునిగింది. కిందెక్కడో కృష్ణకు ఆనకట్ట కట్టారు, నీళ్ళు వెనక్కి తన్నుకొచ్చి పొలాలనూ ఇళ్ళనూ కప్పేశాయి. ఊరిలో ఎత్తయిన భాగం మాత్రం నీళ్ళ మధ్య చిన్న దీవిలాగా మిగిలింది. దాన్ని మేం గడ్డ అనేవాళ్ళం. ఇళ్ళు మునిగినవాళ్ళమంతా ఒడ్డున వేసిన కాలనీలో గుడిసెలు కట్టుకుని ఉండేవాళ్ళం. గడ్డ చుట్టూ వాలులో ఉన్న ఇళ్ళ గోడలు వానాకాలమంతా నీళ్ళ కిందే ఉండేవి. ఎండలు ముదిరి నీళ్ళు తగ్గినప్పుడు ఒకటొకటిగా తలలు బయటపెట్టేవి. అప్పుడు అవ్వ, అంటే నాయిన వాళ్ళ అమ్మ, నన్ను వెంటబెట్టుకుని నడిపించుకుపోయేది. కప్పు లేని గోడల మధ్య, పగిలిన బురద మీద నిలబడి, "గిది వంటిల్లు, గీడ మీ నాయినను కన్న, గది దిగూడు" అని చూపించేది. ఎండిన నాచు, బురద, చేప పొలుసులు కలిసిన వాసన. నాకు మా ఇల్లు అంటే ఆ వాసనే. పుట్టింటి గురించి వేరేవాళ్ళు మల్లెపూలూ పిండివంటలూ చెబితే నేను నోరు మూసుకుని వింటాను.

నాయిన పుట్టు రైతు. పెబ్బేరు సంతలో ఎద్దు పళ్ళు చూసి వయసు చెప్పే మనిషి. భూమి మునిగాక కూలికి పోయాడు, రాళ్ళు కొట్టాడు, చివరికి నీళ్ళ మీదికి వచ్చాడు. ఆయనకు వల పట్టడం నేర్పింది కిష్టయ్య తాత. ఆయన తాతముత్తాతల నుంచీ ఏటిలో చేపలు పట్టినవాడు. మునిగిన ఊళ్ళో ఆయన ఇల్లు అందరికన్నా కింద, ఏటివైపు, గుండ్రాళ్ళతో కట్టిన చిన్న ఇల్లు. ఇద్దరూ చెరొక పుట్టిలో కూర్చుని, అంటే వెదురు బుట్టకు తారు పూసిన గుండ్రటి పడవలో, ఉదయమే బయల్దేరేవారు. కిష్టయ్య తాతకు చేప తెలుసు, నాయినకు నేల తెలుసు. నీళ్ళ పైనుంచి చూస్తూ నాయిన, "గీడ నల్లరేగడి, మోకాలు లోతు దున్నిన" అంటే, "ఐతే జెల్లలుంటయ్, గాలం ఏద్దాం" అని తాత అనేవాడు. రెండు మూడేళ్ళకు నాయినకు కూడా లెక్క పట్టుబడింది. మెత్తటి మన్ను ఉన్నచోట జెల్లలు. ఇసుక మేట మీద వెండి బిళ్ళల్లాంటి పరకలు. తుమ్మ మొద్దులు నిలబడి చచ్చిన చోట నాచు పడుతుంది, అక్కడ కొర్రమట్టలు. ఇక గోడల దగ్గరయితే చెప్పనక్కర్లేదు. రాయికీ రాయికీ మధ్య సందుల్లో బొమ్మిడాయిలు, మూలల నీడలో వాలుగలు, గోడకు పట్టిన పాచిని నాకడానికి వచ్చే చిన్నవి, వాటిని మింగడానికి వచ్చే పెద్దవి. ఒక్క గోడ దగ్గర దొరికే రకాలు, ఎకరం రేగడి మీద వల లాగినా దొరికేవి కావు. ఖాళీ నేల మీద చేపకు దాక్కునే చోటు ఉండదు, అంతే. ఈ మాట నేను డిగ్రీలో చదివినప్పుడు పుస్తకం నిండా పటాలతో చెప్పారు. నాయిన రొట్టె తింటూ చెప్పాడు.

మా వాళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి ఇంటి గోడల దగ్గర మొదటి వల ఆ ఇంటివాళ్ళదే. వేరేవాళ్ళు వేయాలంటే అడగాలి. "వదినా, మీ ఇంట్ల వల ఏసుకోనా?" అని మా గుడిసె ముందు నిలబడి అడిగేవారు, ఇరవై ఏళ్ళ కింద మునిగిన ఇంటి కోసం. అవ్వ కాసేపు బెట్టు చేసి ఒప్పుకునేది. అలా వల వేసినవాళ్ళు తమకు పడినదాంట్లో ఒక చేపను ఆ ఇంటివాళ్ళకు పంపాలి. దాన్ని ఇంటి చేప అనేవారు. మా ఇంటి దిగూడు గోడ దగ్గర మంచి వాలుగలు పడేవి కాబట్టి మాకు ఇంటి చేపలకు లోటు లేదు. అమ్మ దాన్ని రాతి మీద బూడిద వేసి పామేది, ఉప్పుతో మూడుసార్లు కడిగేది, చింతపులుసు పోసి మట్టి చట్టిలో పెట్టేది. మరునాటి పొద్దున జొన్న రొట్టెతో ఆ పులుసు తింటూ అవ్వ, "మనింటి చేపకున్న రుచి పక్కింటి చేపకు లేదు" అనేది. చేపలకు కులగోత్రాలు కూడా చెప్పేలా ఉన్నావని అమ్మ నవ్వేది.

నవ్వులు అంతవరకే. నాయిన పుట్టి ఎక్కిన క్షణం నుంచి దిగేదాకా మా ఇంట్లో ఎవరికీ కుదురుండేది కాదు. ఎందుకంటే నాయినకు ఈత రాదు. బావిలో దూకని రైతుబిడ్డ ఉంటాడా అని అందరూ వేళాకోళం చేసేవారు. నాయిన వాళ్ళ అన్న పదేళ్ళ వయసులో బావిలో పడి చనిపోయాడు. ఆ తర్వాత అవ్వ ఈ కొడుకును బావి గట్టు కూడా తొక్కనివ్వలేదు. బావికి పోనివ్వని కొడుకు చివరికి ఏటి పాలయ్యాడని అవ్వ కుమిలిపోయేది. నాయిన నడుముకు రెండు ఖాళీ నూనె డబ్బాలు కట్టుకుని పోయేవాడు. అవ్వ పొద్దున్నే ఆయన వెళ్ళగానే దీపం వెలిగించేది. ఆయన తిరిగి వచ్చేదాకా ఆ దీపం కొండెక్కకూడదు. గుడిసె మట్టిగోడకు కొట్టిన చెక్క మీద ఆ ప్రమిద ఉండేది, గాలికి రెపరెపలాడుతూ. "దిగూడు లేని ఇల్లేం ఇల్లు, దీపానికి ఇల్లు లేకపాయె" అని అవ్వ రోజూ ఒకసారి అనేది. నాకు భయం పాలతోపాటు పట్టినట్టుంది. ఇప్పటికీ ఇంట్లో మనిషి బయటికి పోతే, వచ్చేదాకా నేను ఏ పనీ సరిగ్గా చేయలేను.

నేను ఇంటర్ రెండో ఏడు పరీక్షలు రాసి ఇంటికి వచ్చిన ఎండాకాలం, నీళ్ళు ఎన్నడూ లేనంత కిందికి పోయాయి. వరుసగా రెండేళ్ళు సరైన వానలు లేవు. పాత ఊరంతా బయటపడింది. అంతకుముందు ఏడు కురిసిన ఒక్క పెద్ద వానకు మా గుడిసె వెనక గోడ కూలింది. అవ్వ పడుకునే మంచానికి జానెడు దూరంలో పడింది. ఆ రోజు నుంచి నాయినకు ఒకటే పట్టుదల, రాతి ఇల్లు కట్టాలని. రాయి కోసం ఎక్కడికో పోవడం ఎందుకు, మన రాళ్ళు మన కళ్ళ ముందే ఉన్నాయి కదా అన్నాడు. తప్పేముంది? ఆ రాళ్ళు మావే. ఇరవై ఏళ్ళు ఎవరూ ముట్టుకోలేదంటే అది మా ఇల్లు కాబట్టే. అన్న అప్పటికే పెబ్బేరులో ఒక రైతు దగ్గర ట్రాక్టర్ నడిపేవాడు. ఆ ట్రాక్టర్ అడిగి తెచ్చాడు.

కిష్టయ్య తాత మాత్రం పాత ఊరి దారిలో అడ్డంగా కూర్చున్నాడు. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు. బీడీ ఆర్పి, నాయినతో "నర్సింలూ, ఈ గోడలు తీస్తే చేప యాడుంటది?" అని అడిగాడు.

"ఏరు గింత పెద్దగుంది. యాడన్న ఉంటది."

"నీ పెండ్లాం పిల్లలు యాడన్న ఉంటున్నరా మరి? రాయి కోసమే వచ్చినవ్ గద."

నాయినకు కోపం వచ్చింది. "నా ఇల్లు నేను తెచ్చుకుంటున్న కిష్టన్నా. ఎవలింటికో పోలే" అన్నాడు.

"నీదే. ఎవలు కాదన్నరు? గని అండ్ల ఇప్పుడుంటున్నది నువ్వు కాదు" అని తాత లేచి పక్కకు జరిగాడు. "నా ఇంటి రాళ్ళు మాత్రం ఎవలూ ముట్టొద్దు. గంతే."

ఆ మాట మాకెవరికీ బుర్రకెక్కలేదు. నాయిన, అన్న, నేను మూడు రోజులు గోడలు విప్పాము. మూడో రోజు దిగూడు గోడ మిగిలింది. దాని అడుగు భాగం పూడికలో కూరుకుని ఇంకా నీళ్ళలో ఉంది. ఆ నీళ్ళు దిగూటి కప్పు దాకా ఉన్నాయి. నాయిన రాయి కదిలించడానికి లోపల చెయ్యి పెట్టి, ఉలిక్కిపడి తీశాడు. వంగి చూశాను. బెత్తెడు కూడా లేని చేప, రాతి రంగులో, బొద్దు తలతో, దిగూటి నేలకు కడుపు ఆనించి ఉంది. పైన, సరిగ్గా ఏళ్ళ తరబడి దీపం మసి పట్టిన చోట, గుడ్లు. సన్నటి సగ్గుబియ్యంలా రాతికి అంటుకుని ఉన్నాయి. నాయిన మళ్ళీ చెయ్యి పెట్టాడు. చేప వెనక్కి జరిగిందే గానీ బయటికి పోలేదు. పక్కనే బోలెడు నీళ్ళు, తోక ఒక్కసారి ఆడిస్తే పోవచ్చు. పోలేదు. నాయిన నా వైపు చూశాడు. నేను ఏమీ అనలేదు. ఇప్పుడయితే పిల్లలకు చెబుతాను, ఆ జాతిలో మగచేప గుడ్లకు కాపలా ఉంటుంది, రాతి నీడ లేకపోతే ఆడచేప గుడ్లు పెట్టదు అని. అప్పుడు నాకు పదిహేడేళ్ళు, చేతులు పుళ్ళయ్యాయి, ఎండ మాడుస్తోంది, అన్న ట్రాక్టర్ మీద నుంచి తొందరపెడుతున్నాడు. నాయిన గడ్డపార వేసి రాయిని పెకిలించాడు. నీళ్ళు కారిపోయాయి. రాయిని ఒడ్డుకు చేర్చాక భుజం మీది తువ్వాలతో దిగూటి లోపల శుభ్రంగా తుడిచాడు. ఆ తువ్వాల ఏటిలో జాడించాడు. ఆ సంగతి మేమిద్దరం ఇంట్లో చెప్పలేదు. మా ఇద్దరి మధ్య కూడా దాని మాట రాలేదు.

మమ్మల్ని చూసి మిగతావాళ్ళూ ట్రాక్టర్లు తెచ్చుకున్నారు. అందరివీ వాళ్ళ వాళ్ళ ఇళ్ళే. ఎవరూ దొంగతనం చేయలేదు, ఎవరి కట్టుబాటూ తప్పలేదు. ఎండాకాలం ముగిసేసరికి గడ్డ చుట్టూ వాలు చదునయింది, కిష్టయ్య తాత గుండ్రాళ్ళ ఇల్లు తప్ప. మా ఇల్లు లేచింది. లోపలి గదిలో తూర్పు గోడకు దిగూడు పెట్టారు. అవ్వ దాంట్లో ప్రమిద పెట్టి, వెనక్కి రెండడుగులు వేసి చూసుకుని, "ఇగ నా కొడుక్కేం గాదు" అంది. ఆ రోజు మేమందరం సంతోషంగా ఉన్నాం. అది నిజం. ఇప్పుడు తలుచుకుంటే ఆ సంతోషమే ఎక్కువ బాధ పెడుతుంది.

మరుసటి ఏడు వానలు పడ్డాయి, నీళ్ళు గడ్డ చుట్టూ నిండాయి. నాయిన మా ఇంటి జాగాలో మొదటి వల వేశాడు. జెల్లలు పడ్డాయి, పరకలు పడ్డాయి. మరునాడూ అవే. వాలుగ లేదు, బొమ్మిడాయి లేదు, పాచి నాకే చిన్నవి కూడా లేవు. రాళ్ళు తీసిన చోట పూడిక మెత్తగా పరుచుకుంది. ఊరి నేలంతా ఒకటే బురద అయింది, కాబట్టి బురదలో బతికే చేపలే మిగిలాయి. "వదినా, మీ ఇంట్ల వల ఏసుకోనా?" అని అడిగేవారు రావడం మానేశారు. అడగడానికి ఇల్లేదీ? కట్టుబాటు గురించి ఎవరూ పంచాయతీ పెట్టలేదు, వద్దనీ అనలేదు. దానంతటది పోయింది. అవ్వ చట్టి వైపు చూసి ఊరుకునేది.

దగ్గర చేప లేదు కాబట్టి నాయిన దూరం పోవడం మొదలుపెట్టాడు. గడ్డ దాటి, అసలు ఏరు పారే చోటికి, బండలు ఉన్న లోతు నీళ్ళలోకి. అక్కడ గాలి మాట వినదు. నేను వనపర్తి హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేదాన్ని. పొద్దున కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటే చాలు, ఆ రోజు పాఠం చెవికెక్కేది కాదు. హాస్టల్ దగ్గరి ఎస్టీడీ బూత్ నుంచి మా కాలనీలో ఫోనున్న ఒకే ఒక్క ఇంటికి చేసి, మా నాయిన వచ్చిండా అని అడిగేదాన్ని. రోజూ అడిగితే వాళ్ళకూ విసుగే. "వచ్చిండమ్మా, నీదేం పరేషాన్" అని పెట్టేసేవారు. చూసి చెప్పారో, చూడకుండానే చెప్పారో తెలిసేది కాదు.

ఒక శనివారం ఇంటికి వచ్చాను. పాన్‌గల్ దాటేటప్పటికే చెట్లు ఒకవైపు వంగి ఊగుతున్నాయి. ఇంటికి చేరేసరికి అవ్వకు జ్వరం, అమ్మ కూలికి పోయింది, నాయిన పొద్దున్నే ఏటికి పోయాడు. "దీపం జర చూసుకో బిడ్డా" అని అవ్వ కళ్ళు మూసుకుంది. నేను నూనె పోసి, వత్తి ఎగదోసి, రికార్డులో చేప మొప్పల బొమ్మ గీస్తూ కూర్చున్నాను. నీడలు గీయడంలో పడిపోయాను. తలెత్తి చూస్తే దిగూట్లో సన్నటి పొగ. దీపం కొండెక్కింది. నేను జువాలజీ చదువుకుంటున్న దాన్ని. దీపానికీ, ఏటి మీది గాలికీ ఏ సంబంధమూ లేదని నాకు తెలుసు. అయినా అగ్గిపెట్టె అందుకున్నాను. మూడు పుల్లలు విరిచి నాలుగో దానితో వెలిగించాను. అవ్వ కళ్ళు తెరవకుండానే, "ఉన్నదా?" అని అడిగింది. "ఉంది" అన్నాను.

నాయిన రోజూ వచ్చే వేళ దాటింది. నేను ఒడ్డుకు పరిగెత్తాను. ఏరంతా తెల్లటి నురగ. కిష్టయ్య తాత తన పుట్టి బోర్లించుకుని, దాని పక్కన నిలబడి, చెయ్యి కనుబొమ్మలకు అడ్డం పెట్టి చూస్తున్నాడు. నేను ఏడుస్తూ ఏదో అన్నాను. ఆయన నన్ను చూడలేదు. "ఊకో. మా ఇంటి మీద ఎవలో నిలబడ్డరు" అన్నాడు. నేనూ చూశాను. గడ్డకు పక్కన, నీళ్ళ నడుమ, మనిషి ఛాతీ వరకు కనబడుతున్నాడు. అలలు వచ్చినప్పుడు మాయమై మళ్ళీ కనబడుతున్నాడు. చుట్టూ పుట్టి లేదు, ఏమీ లేదు. తాత పుట్టి తిరగేసి ఎక్కాడు. నన్ను ఎక్కనివ్వలేదు. ఆయన పోయి రావడానికి ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. ఒక్కసారి కూడా రెప్ప వేయలేదని మాత్రం గుర్తు. రెప్ప వేస్తే ఆ తల మళ్ళీ పైకి రాదేమోనని భయం.

పొద్దు గుంకకముందే ఇద్దరూ ఒడ్డు చేరారు. నాయిన నడుముకు ఒక డబ్బానే మిగిలింది. అరికాళ్ళు గుండ్రాళ్ళ మీద నిలబడి నిలబడి తెల్లగా ఉబ్బాయి. పుట్టి తిరగబడ్డాక గాలి ఆయనను గడ్డ వెంబడి తోసుకొచ్చిందట. ఆయన అంచనా తప్పే మనిషి కాదు. నీళ్ళ కింద ఏముందో ఆయనకు తెలుసు. నా చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "మనింటి మీదకెల్లి వచ్చిన బిడ్డా. గోడ అందుతదని కాలు పెట్టి చూసిన. ఈ మూల చూసిన, ఆ మూల చూసిన. అందలే. కింద ఏం లేదు."

మా గోడ ఎక్కడుందో మా ఇద్దరికీ తెలుసు. దాని నీడలోనే నేను పొద్దంతా కూర్చుని బొమ్మ గీశాను.

కిష్టయ్య తాత తువ్వాల పిండుకుంటూ, "నర్సింలూ, గంటసేపు మా ఇంట్ల ఉన్నవ్. మా ఇంటి చేప యేది?" అన్నాడు. నాయిన నవ్వబోయి, నవ్వలేక, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మా నాయిన ఏడవగా చూడడం నాకదే మొదటిసారి.

ఆ ఏడు నుంచి ప్రతి ఎండాకాలం నాయిన రాళ్ళు వెనక్కి మోశాడు. ముందు అరుగు విప్పాడు, తర్వాత ప్రహరీ, తర్వాత పశువుల కొట్టం గోడ. ఇల్లు కట్టుకున్నవాడు ఇల్లు పీక్కోవడమేందని కాలనీ అంతా నవ్వింది. కిష్టయ్య తాత గట్టు మీద కూర్చుని ఎట్లా పేర్చాలో చెప్పేవాడు. నున్నగా గోడ కట్టొద్దు, కుప్ప పోయి. సందులు చిన్నవీ పెద్దవీ ఉండాలి, అన్నీ ఒక్కలాగుంటే ఒక్క రకమే వస్తది. గూటి మొఖం నీళ్ళొచ్చే దిక్కు పెట్టకు, మన్ను నిండుతది, ఒడ్డు దిక్కు పెట్టు. మొదటి ఏడు పాచి పట్టింది. రెండో ఏడు చిన్నవి వచ్చాయి. వాలుగ రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. వచ్చిన రోజు నాయిన దాన్ని పట్టకుండా వదిలేసి వచ్చి, అమ్మతో తిట్లు తిన్నాడు. దిగూడు రాయి మాత్రం కదలలేదు. ఒకసారి నాయిన దాన్నీ ఇమ్మని అడిగాడు. "దీపం యాడ పెట్టాలె మరి?" అని అవ్వ అడిగింది. నాయిన మళ్ళీ అడగలేదు. అవ్వ పోయాక ఆ దీపం అమ్మ చేతికి వచ్చింది.

నాయిన నీళ్ళలో పోలేదు. పోయినేడు దవాఖానలో, మంచం మీద, మా అందరి మధ్య పోయాడు. అందుకు నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. పోయేముందు ఒక మధ్యాహ్నం నేనొక్కదాన్నే దగ్గర ఉన్నాను. పడుకున్నాడనుకుంటే, కళ్ళు తెరిచి, "అది పోలే బిడ్డా" అన్నాడు. ఎవరు నాయినా అన్నాను. "చేయి పెట్టిన గద. పోవచ్చు. పోలే." నాకు అర్థమయిందని ఆయనకు అర్థమయింది. ఇరవై ఏళ్ళు మేం దాచుకున్న మాట అంతే.

ఆదివారం నేను పోయేసరికి ఇంటి చోటులో ఇసుకా ఇనుప చువ్వలూ ఉన్నాయి. స్లాబు ఇల్లు కడుతున్నారు. అన్నను తప్పు పట్టను, పాత ఇంట్లో అరుగు కూడా లేదు. ఇప్పుడు చేపలు పట్టేవాళ్ళు ఇంజన్ పడవల్లో పోతున్నారు, ఒంటికి నారింజరంగు జాకెట్లు తొడుక్కుంటున్నారు, జేబులో ఫోన్లుంటాయి. వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు మాలాగా బతకడం లేదని నాకు నిజంగా సంతోషం. కానీ వలల్లో పడేది ఎక్కువగా జిలేబీ చేప, ఎక్కడి నుంచో వచ్చి, ఎక్కడయినా బతికేది. ఫలానావాళ్ళ ఇంటి గోడ అంటే కుర్రాళ్ళకు తెలియదు. కిష్టయ్య తాత పోయి చాలా ఏళ్ళయింది. ఆయన గుండ్రాళ్ళు మాత్రం నీళ్ళు తగ్గినప్పుడల్లా కనబడతాయి, వాటి పక్కన నాయిన పోసిన కుప్పలు.

అమ్మ దిగూడు రాయి మీద చెయ్యి వేసి కూర్చుని ఉంది. "కొత్తింట్ల పెడదామా అమ్మా?" అంటే, "ఎవల కోసం ఎదురుచూడాలె నేను, దీపం పెట్టి?" అంది. తర్వాత లేచి పక్కకు జరిగింది. నేనూ అన్నా ఆ రాయిని ట్రాక్టర్‌లో వేసుకుని పోయాము. నీళ్ళు బాగా తగ్గాయి. పగిలిన బురద మీద, తాత ఇంటికి ఆనించి, నాయిన కుప్ప పక్కన దింపాము. దిగూటి కప్పు తడిమి చూశాను. దీపం మసి మందంగా పేరుకుంది, వేళ్ళకు అంటింది. కొంగుతో తుడిచాను, తువ్వాలతో నాయిన తుడిచినట్టే. ఎంత తుడిచినా పూర్తిగా పోలేదు.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది. "మొఖం ఎటు పెట్టినవ్? నీళ్ళొచ్చే దిక్కు పెట్టలేదు గద?"

"లేదమ్మా. ఒడ్డు దిక్కే పెట్టిన."

"ఐతే మన్ను నిండదు" అని అమ్మ పొయ్యి దగ్గరికి పోయింది.

ఈ ఏడు పైన వానలు ఆలస్యమయ్యాయి. ఏరు ఇంకా నిండలేదు. రోజూ పొద్దున పేపర్ రాగానే వెనక పేజీలో జలాశయం మట్టం చూస్తున్నాను. అన్నకు ఫోన్ చేసి, నీళ్ళు దిగూడు దాకా వచ్చాయా అని అడుగుతున్నాను. "వస్తయ్ తీయి, నీదేం పరేషాన్" అంటాడు. చూసి చెబుతున్నాడో, చూడకుండా చెబుతున్నాడో తెలియదు.